పిల్లలకి గుర్తుండిపోయేలా ఒక పాఠం: స్టంపు, నీడ, మేడ

మధ్యాహ్నం సూర్యుడు ఎక్కడుంటాడు అంటే ఎవరైనా నడినెత్తిన అనే చెప్తారు, నేనూ డిగ్రీలో ఫిజిక్స్ చదివి మరీ నలభై ఏళ్లు అలాగే చెప్పాను. హైదరాబాద్‌లో సూర్యుడు నిజంగా నడినెత్తికొచ్చేది ఏడాదిలో రెండే రోజులండీ, మే 9 ఒకటి, ఆగస్టు 3 ఒకటి, ఓ రోజు అటూ ఇటూ. మిగతా రోజులన్నీ ఎంతో కొంత పక్కకే ఉంటాడు. ఇది మా పాప సైన్స్ పుస్తకంలో కూడా ఉంది, పరీక్షలో మార్కులూ వచ్చాయి, నెల తర్వాత అడిగితే ఒక్క ముక్క గుర్తు లేదు. సరే మేడ మీదే చూపిద్దాం అనుకున్నా. మీరూ చేస్తానంటే ఎలాగో చెప్తా, కాకపోతే ఇందులో కష్టమైన పని కొలవడం కాదు, మనం నోరు మూసుకుని ఉండటం.

సామాను ఏం లేదు, స్టాండుతో వచ్చే క్రికెట్ స్టంపు ఒకటి, చాక్‌పీసు, టేపు. స్టంపు నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీసి చూసుకోండి, ఇది వంకరగా ఉంటే అన్నీ తప్పే వస్తాయి. మాది నేల నుంచి 70 సెంటీమీటర్లు.

మేడెక్కే ముందు మాత్రం ఒక పని తప్పకుండా చేయించాలి. రేపు మధ్యాహ్నం నీడ ఎంత పొడవుంటుంది, ఏ వైపు పడుతుంది అని అడిగి నోట్‌బుక్‌లో రాయించండి, పక్కన సంతకం కూడా పెట్టించండి, మీరూ రాయండి. తప్పు రాసినా సరిదిద్దొద్దు. ఊరికే విన్న జవాబు గాలికి పోతుంది, తను సంతకం పెట్టి మరీ తప్పు రాసింది మాత్రం లోపల గుచ్చుకుంటూనే ఉంటుంది, మనకి కావాల్సింది అదే.

డిసెంబర్ 21కి అటూ ఇటూ మొదలుపెట్టండి. పావు తక్కువ పన్నెండు నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ కొస దగ్గర చుక్క పెడుతూ పన్నెండున్నర దాటేదాకా ఉంటే అన్నిటికంటే పొట్టి నీడ దొరుకుతుంది. డిసెంబర్‌లో మాకు 60 సెంటీమీటర్ల దాకా వచ్చింది, ఉత్తరం వైపు. పాప సున్నా అని రాసింది. "అదేంటి నాన్నా, పొట్టి నీడ పన్నెండింటికి రాలేదేంటి" అని కూడా అడిగింది. మన గడియారాలు కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖ లెక్కన నడుస్తాయి, హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పదహారు నిమిషాలు లేటు. ఇంకో పావుగంట దాకా తేడా సీజన్‌ని బట్టి వస్తుంది, అది ఇప్పుడే చెప్పి బుర్ర తినొద్దు.

తర్వాత మార్చి 21 దాకా ఆగండి. ఒక్క ఆదివారం వర్క్‌షాపు పెట్టి అన్నీ చెప్పేద్దాం అనిపిస్తుంది, వద్దు. 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన తన మీదే ప్రయోగాలు చేసుకుని, ఒకేసారి బట్టీ కొట్టిందానికంటే రోజులు విడదీసి చదివింది ఎక్కువ నిలుస్తుందని రాశాడు. అందుకని ప్రతిసారీ మేడెక్కే ముందు నోట్‌బుక్ మూసేసి పోయినసారి ఎంతొచ్చిందో గుర్తు తెచ్చుకోమనండి, రాకపోతే కాసేపు తన్నుకోనివ్వండి, ఆ తర్వాతే తెరవండి.

మార్చిలో 22 సెంటీమీటర్లకి తగ్గింది. మే 9న 12:12కి స్టంపు కింద నీడే లేదు, పాప చుట్టూ తిరిగి వెతికింది. కానీ నన్నడిగితే అసలు మజా జూన్ 21న. నీడ ఏడు సెంటీమీటర్లే, అది కూడా దక్షిణం వైపు! "నాన్నా, నువ్వు స్టంపు తిప్పావు కదా" అని నాతో గొడవ. నేనేం మాట్లాడలేదు. రెండు రోజులు తనే కొట్టుకుని మూడో రోజు బత్తాయి, టార్చి తెచ్చుకుని కూర్చుంది. బత్తాయికి అగ్గిపుల్ల గుచ్చి, వంచి తిప్పుతూ అర్ధగంటకి తనే పట్టుకుంది, సూర్యుడు మనల్ని దాటి ఉత్తరానికి వెళ్లిపోయాడని.

పట్టుకున్నాక ఇంకెవరికైనా చెప్పించండి. మా అత్తగారు ఓపిగ్గా విని "మరి తిరుపతిలో నీడ లేని రోజు ఎప్పుడే?" అన్నారు, పాప దగ్గర జవాబు లేదు, అక్కడున్న పెదనాన్న కొడుక్కి ఫోన్ చేసింది, ఇద్దరూ కలిసి లెక్కేస్తే అక్కడ ఏప్రిల్ చివర్లోనే, ఆదిలాబాద్‌కైతే మే మూడో వారం. మనం వెయ్యాల్సిన ప్రశ్న ఆవిడ వేసేశారు.

ఆగస్టు 3 మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, మబ్బులుంటాయి. చాక్ గుర్తులు వానకి పోతాయని మేం నెయిల్ పాలిష్‌తో పెట్టాం, ఇంటి ఓనర్ ఆంటీ మేడెక్కి ఈ ఎర్ర చుక్కలేంటి అని మా మీదకొచ్చారు, పాప ఆవిణ్ణి స్టంపు దగ్గర నిలబెట్టి డిసెంబర్ నుంచి మొదలుపెట్టింది.