దొర్కా పేరిట తేనీటి విందు: స్త్రీల సమాజం కోసం ఒక సాయంత్రం

క్రిస్మస్ ప్రేమవిందు మొదలుకొని కోత పండుగ వరకు సంఘంలో ఏది జరిగినా పొయ్యి దగ్గర నిలబడేది స్త్రీల సమాజంవారే. అందువల్ల వారి కోసమే తేనీటి విందు తలపెట్టినప్పుడు, ఆ పూట వడ్డన ఎవరిదన్న సంగతిని మొట్టమొదట తేల్చుకోవాలి. సమాజంలోని ఒక్క స్త్రీ కూడా లేచి గరిటె పట్టే అవసరం రాకూడదు. యౌవనస్థుల కూడికకు వచ్చే పిల్లల్లో అయిదారుగురిని, అబ్బాయిలతో సహా, రెండు వారాల ముందే అడిగి, టీ కాయడం నుంచి కప్పులు కడగడం వరకు వారికి అప్పగించాలి. పాస్టరమ్మగారు సైతం ఆ సాయంత్రం అతిథిగానే కూర్చోవాలి.

విందుకు ఒక అంశం ఉంటే మాటలకూ అలంకరణకూ ఆధారం దొరుకుతుంది. మన గోదావరి ప్రాంతానికి దొర్కా కంటే తగిన అంశం నాకు తోచదు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం, 36 నుంచి 42 వచనాలలో కనిపించే ఈ యొప్పే పట్టణపు శిష్యురాలు తన చేతులతో వస్త్రాలు కుట్టినది. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆ వస్త్రాలే. ఇక మన వైపు, నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లిక పంతొమ్మిదవ శతాబ్దంలో మిషనరీల ద్వారా వేళ్ళూనుకొని, ఎన్నో తరాల స్త్రీలకు ఇంటిపట్టున ఉపాధి అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇన్నేళ్ళుగా వీధి అరుగుల మీద సూదీ దారంతో కూర్చున్న పెద్దవారు మన బల్లల మీదే ఉంటారు; వారికి ముందు వరుసలో కుర్చీ వేసేందుకు ఇదొక మంచి సందర్భం.

సార్వా కోతలు ముగిసి, దాళ్వా నాట్లు పడి, సంక్రాంతి పిండివంటల అలసట తీరాక, జనవరి చివర గానీ ఫిబ్రవరి మొదట్లో గానీ ఒక శనివారాన్ని ఎంచుకోవడం మేలు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం ఎప్పుడు మొదలవుతుందో చూసుకొని దానికి ముందే పెట్టుకోవాలి, ఎందుకంటే ఆ నలభై రోజులు ఉపవాసం ఉండేవారు ఉంటారు. మూడున్నరకు మొదలుపెట్టి అయిదున్నరకు ముగిస్తే, లంక గ్రామాల నుంచి రేవు దాటి వచ్చేవారు వెలుగుండగానే ఇళ్ళకు చేరగలరు. పిలుపు మాత్రం ఫోనులో కాక ఇంటికి వెళ్ళి చెప్పాలి. పెద్దవారిని అమ్మగారూ అనీ, వరసైనవారిని పిన్నిగారూ, వదినగారూ అనీ పిలిచి, తమ చేతితో చేసిన వస్తువు ఒకటి తెమ్మని అడగాలి. అది లేసే కానక్కరలేదు, బొంత, తాటాకు బుట్ట, దిండు గలీబు ఏదైనా సరే. ఫలానా రంగు చీరలు కట్టుకు రమ్మనే నియమం పెట్టవద్దు, అది లేనివారికి బరువు.

తినుబండారాలలో కేకు కంటే దిబ్బరొట్టెకే నా ఓటు. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల బియ్యపు రవ్వ చొప్పున కలిపి, మందపాటి మూకుడులో నూనె వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద అడుగు ఎర్రగా కరకరలాడేదాకా కాల్చాలి. ఒక్కొక్కదాన్ని ఎనిమిది ముక్కలు కోస్తే నాలుగు రొట్టెలు ముప్ఫైమందికి సరిపోతాయి. రెండవది కొబ్బరి పచ్చడి శాండ్‌విచ్. కోనసీమ కొబ్బరి, కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి గట్టిగా రుబ్బాలి. బ్రెడ్డు ముక్కకు ముందుగా పలచగా వెన్న రాస్తే పచ్చడిలోని తడి బ్రెడ్డులోకి దిగదు. కోసిన ముక్కల మీద తడిపి పిండిన శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచాలి. మన ఉక్కకు కొబ్బరి త్వరగా పులుస్తుంది కాబట్టి మధ్యాహ్న భోజనాలయ్యాకే రుబ్బుకోవాలి. తీపికి ఆత్రేయపురం పూతరేకులు చాలు. అవి తడి గాలికి మెత్తబడతాయి గనుక పొట్లం వడ్డించే ముందే విప్పాలి.

ముప్ఫైమందికి రెండు విడతల టీ అంటే నాలుగు లీటర్ల పాలు, రెండున్నర లీటర్ల నీళ్ళు, నూట నలభై గ్రాముల టీపొడి. ఇదంతా ఒకేసారి కాచి పొయ్యి మీద ఉంచితే చేదెక్కుతుంది కాబట్టి సగం సగం చేసి రెండుసార్లు కాయాలి. దంచిన అల్లాన్ని, యాలకులను ముందు నీళ్ళలో బాగా మరిగించి, ఆ తరువాతే పాలు పోయాలి; పచ్చి అల్లం నేరుగా పాలలో పడితే విరిగే ప్రమాదముంది. షుగరు ఉన్నవారు ప్రతి సంఘంలోనూ ఉంటారు కనుక పంచదార కలపకుండా గిన్నెలో విడిగా పెట్టండి.

ప్రార్థన, ఒక కీర్తన, వాక్య పఠనం ఇరవై నిమిషాల్లో ముగించి మొదటి విడత టీ ఇచ్చాక, ఒక్కొక్కరూ తెచ్చిన వస్తువును చూపిస్తూ, అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పాలి. ఇక్కడ తొందరపెట్టకూడదు. మాట్లాడడానికి మొహమాటపడేవారి పక్కన ఒక అమ్మాయిని కూర్చోబెట్టి, ఆ అమ్మాయి చేత అడిగించండి. పట్టు ఎలా వేస్తారో చూపించమంటే చేతులు ముందు కదులుతాయి, మాటలు వాటంతట అవే వస్తాయి. రెండవ విడత టీ వేళకు, ఉతికిన మెత్తని నూలు చీరలను చదరాలుగా కత్తిరించి సిద్ధంగా పెడితే, చూపు ఆనేవారు అంచులు మడిచి కుట్టి పొత్తిగుడ్డలు తయారుచేయవచ్చు. వాటిని మరిగే నీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరబెట్టి, ఊళ్ళో నెలలు నిండిన తల్లులకు ఇవ్వాలి.

బల్లల మీద లేసు గుడ్డ వేసేటప్పుడు కింద మామూలు తెల్లగుడ్డ ఒకటి పరవండి. టీ ఒలికితే వెంటనే చన్నీళ్ళలో జాడించాలి, వేడినీళ్ళు తగిలితే మరక నిలిచిపోతుంది. ఉతికాక పలచని గంజి పెట్టి, పిండకుండా తువ్వాలులో అద్ది, అంచులు సరిచేసి నీడన పరిచి ఆరబెట్టి, తెచ్చినవారి ఇంటికి పిల్లల చేతనే పంపించండి; మంచాన ఉండి రాలేకపోయినవారికి పలహారం పొట్లాలు కూడా అదే దారిలో ఇచ్చి రావచ్చు.