చాంఫర్ (అంచును ఏటవాలుగా కోసిన చోటు) గరుకుగా వస్తోందా? కొలత తప్పుతోందా?

సమస్య: అంచు గరుకుగా ఉంటోంది, కట్టర్ మొన ఊరికే చిట్లుతోంది.
వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్) ఆపరేటర్లు వెంటనే కట్టర్ కంపెనీని తిడతారు. చాలాసార్లు అసలు కారణం మొనతో కోయడమే. మొన దగ్గర వ్యాసం దాదాపు సున్నా. ఆర్‌పీఎం ఎంత పెంచినా అక్కడ కటింగ్ స్పీడ్ రాదు, లోహం తెగకుండా నలుగుతుంది.

కట్టర్‌ను ఇంకా కిందికి దించి, దాని కోత అంచు మధ్య భాగంతో కోయించండి. 10 మి.మీ. 90 డిగ్రీల కట్టర్‌తో 0.5 చాంఫర్ కావాలనుకోండి. మొన జాబ్ (కోస్తున్న ముక్క) పై ముఖానికి 2.5 మి.మీ. కింద ఉండాలి, కట్టర్ సెంటర్ జాబ్ పక్క గోడకు 2 మి.మీ. బయట ఉండాలి. అప్పుడు కోసేది 4 నుంచి 5 మి.మీ. వ్యాసం ఉన్న చోటు. ఆర్‌పీఎం కూడా షాంక్ (కట్టర్ కాడ) సైజు మీద కాకుండా ఈ 5 మీదే లెక్కకట్టాలి: నిమిషానికి 80 మీటర్ల స్పీడ్‌కి సుమారు 5,100. పక్కనే 2 మి.మీ. లోతు మెట్టు ఉంటే మొన దాని అడుగుకు తగులుతుంది. అలాంటి చోట 1.5 దించి, సెంటర్‌ను 1 మి.మీ. బయట పెట్టండి.

సమస్య: డ్రాయింగ్‌లో 0.5, జాబ్ మీద 0.7.
మొన నిజంగా సూదిలా ఉండదు. దాని చివర 0.4 మి.మీ. చదును ఉండి, క్యామ్‌లో (కట్టర్ దారిని తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) మొన వ్యాసం సున్నా అని ఇస్తే చాంఫర్ సరిగ్గా 0.2 పెరుగుతుంది. టూల్ డేటాలో మొన వ్యాసం నింపండి. మొన చిట్లాక లెంగ్త్ మళ్లీ కొలిచినా ఇదే తప్పు వస్తుంది.

సమస్య: ఒక వైపు 0.3, ఇంకో వైపు 0.6.
చాలాసార్లు కారణం పై ముఖం సమంగా లేకపోవడమే. 45 డిగ్రీల చాంఫర్‌లో జడ్‌లో (ఎత్తులో) ఎంత తేడా ఉంటే సైజులో అంతే తేడా. అదే సెటప్‌లో ముందు ఫేసింగ్ చేయండి (పై ముఖాన్ని చదునుగా కోయండి). రంపంతో కోసిన ముఖం మీద సమమైన చాంఫర్ ఆశించకండి.

సమస్య: చాంఫర్ కింద కొత్త బర్ (అంచున లేచే పలుచని లోహపు పొర) లేస్తోంది.
పదును పోయి ఉండాలి, లేదా ఫీడ్ (కట్టర్ ముందుకు జరిగే వేగం) మరీ తక్కువై కట్టర్ రుద్దుతూ ఉండాలి. ఒక్కో ఫ్లూట్‌కి (కట్టర్ పన్నుకి) 0.03 నుంచి 0.05 మి.మీ. ఇచ్చి చూడండి. చాంఫర్ అయ్యాక గోడ ఫినిష్ పాస్‌ను అదే ఆఫ్‌సెట్‌తో ఇంకోసారి నడిపితే మిగిలిన బర్ పోతుంది. అల్యూమినియం కట్టర్ అంచుకు అతుక్కుంటుంటే కోటింగ్ లేని, పాలిష్ చేసిన 2 లేదా 3 ఫ్లూట్ల కట్టర్ తీసుకోండి. టైటానియం అల్యూమినియం నైట్రైడ్ కోటింగ్ ఉన్న 4 ఫ్లూట్లది స్టీల్‌కి ఉంచండి.

కొనేటప్పుడు ఇంకొకటి: క్యాటలాగులో 90 డిగ్రీలంటే సాధారణంగా మొత్తం కోణం, ఒక్కో వైపు 45. 45 డిగ్రీలని మాత్రమే రాసి ఉంటే అది ఏ కోణమో అడిగాకే ఆర్డర్ పెట్టండి.