మగ గినీ పిగ్ శుభ్రత, ఆరోగ్య పరీక్ష

చెన్నై ఉక్కపోతలో బోనులో పరిచిన గడ్డి త్వరగా చెమ్మగిల్లుతుంది కనుక, మగ గినీ పిగ్‌ను వారానికొకసారి ఒడిలో తువ్వాలుపై కూర్చోబెట్టుకొని, మలద్వారం వద్దనున్న సంచిలాంటి మడతను పరీక్షించాలి. అందులో వెంట్రుకలు, గడ్డిపోచలు, జిడ్డు చేరివుంటే గోరువెచ్చని నీటితో తడిపి, కొబ్బరినూనెలో ముంచిన దూదిపుల్లతో మెల్లగా తీయాలి. లోతుగా పొడవకూడదు, సబ్బు అసలే వద్దు. కొంత వాసన సహజమే, దానికి కంగారుపడనక్కరలేదు. జననాంగాన్ని సున్నితంగా వెలికి తెచ్చి, చుట్టూ వెంట్రుక బిగుసుకుందేమో చూడాలి.

వయసు మళ్లిన మగవాటిలో కండరాలు సడలి మెత్తని మలం ముద్దగా పేరుకుంటుంది. వాటిని రోజూ చూడాలి.

ప్రతివారం బరువు తూచి రాసుకోవాలి. వాపు, మూత్రంలో రక్తం, మూత్రవిసర్జనలో అరుపు, మేత మానడం కనిపిస్తే ఆలస్యం చేయక, ఇలాంటి చిన్న జంతువులను చూసే పశువైద్యుని వద్దకు తీసుకెళ్లాలి. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందు మాత్రం వేయకండి, అది వీటికి ప్రాణాంతకం కావచ్చు.