చీటీలో హైపోకలీమియా అని ఉంటే కాల్షియం అనుకోవద్దండి

కర్నూలు పెద్దాసుపత్రి నుంచో అనంతపురం, కడప నుంచో డిశ్చార్జి అయ్యి వచ్చినప్పుడు చీటీలో హైపోకలీమియా అని రాసుంటే కాల్షియం తక్కువైందేమో అని మెడికల్ షాపుకి పోయి ఆ బిళ్ళలు తెచ్చుకోవద్దండబ్బా, ముందు స్పెల్లింగ్ చూడండి, హైపో తర్వాత కె ఉందా సి ఉందా అని. కె ఉంటే అది పొటాషియం, దానికి లాటిన్‌లో కేలియం అని పేరు, అందుకే బ్లడ్ రిపోర్టులో కూడా ఉత్త కె అని వేస్తారు. కాల్షియం తగ్గితే హైపోకాల్సీమియా, అందులో సి రెండుసార్లు వస్తుంది. చివర్లో ఈమియా అంటే రక్తంలో అని అంతే.

అంతకన్నా ముఖ్యం హైపోనా, హైపరా అనేది. హైపో తక్కువ, హైపర్ ఎక్కువ, చేతిరాతలో రెండూ ఒకేలా కనపడతాయి కాబట్టి రిపోర్టులో నంబర్ చూడండి, పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 దాకా ఉండాల. మన ఎండల్లో వాంతులు, విరేచనాలు అయినా, ఒంట్లో నీరు తగ్గే మాత్రలు వాడుతున్నా ఇది పడిపోవచ్చు, కాళ్లు చేతులు పట్టు లేకుండా అయిపోతాయి. ఎక్కువైనా గుండెకి ప్రమాదమే, కిడ్నీ జబ్బు ఉన్నోళ్లకి మరీనూ, అందుకే వాళ్లకి నీరసంగా ఉన్నారని టెంకాయ నీళ్లు, అరటిపండ్లు డాక్టర్ని అడక్కుండా మాత్రం ఇయ్యొద్దండి.