వైరస్‌లతో చికిత్స: ఒప్పుకునే ముందు, తరువాత తీసుకోవలసిన జాగ్రత్తలు

జన్యుమార్పిడి చేసిన వైరస్‌తో చికిత్స చేస్తామని వైద్యులు చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న, ‘ప్రమాదమేమీ లేదు కదా?’ అన్నది. దీనికి ఒక్క ముక్కలో జవాబు రాదు. ఆ వైరస్ ఒంట్లో పెరిగేదా, లేక జన్యువును కణంలోకి చేరవేసి ఊరుకునేదా అన్న సంగతి మొదట తెలుసుకోవాలి.

మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు అమెరికాలో 2015లో అనుమతి పొందిన టీ-వెక్ పెరిగే రకం. పెదవులపై పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్‌లో నరాలకు చేటు చేసే జన్యువును తీసివేసి, రోగనిరోధక కణాలను ఉసిగొల్పే జన్యువును చేర్చి దీనిని తయారుచేశారు. ఎంత మచ్చిక చేసినా అది బతికున్న వైరసే కనుక గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఇవ్వరు. హెర్పిస్‌ను అణిచే మందైన ఎసైక్లోవిర్ వాడుతున్నవారు ఆ మాట ముందే చెప్పాలి. అది ఈ వైరస్‌నూ అణచివేసి చికిత్సను నీరుగార్చవచ్చు. సూది వేసిన చోట గాలి, నీరు చొరని కట్టు కనీసం వారం రోజులు, రసి కారుతుంటే ఇంకా ఎక్కువ రోజులు ఉండాలి. కట్టు మార్చేవారు గ్లౌజులు తొడుక్కుని, పాతదానిని ప్లాస్టిక్ సంచిలో బిగించి పారవేయాలి. ఇంట్లోని గర్భిణి చేత ఆ పని చేయించకూడదు. దురద పెట్టినా గోకరాదు, ఆ చేతితో కళ్లు నులుముకోరాదు.

పెరగని రకంలో చిక్కు వేరు. 1999లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ జన్యుచికిత్స ప్రయోగంలో, జన్యువును మోసుకెళ్లే ఎడినోవైరస్‌ను ఎక్కించుకున్న 18 ఏళ్ల జెస్సీ గెల్సింగర్ నాలుగు రోజులకే మరణించాడు. ప్రాణం తీసింది అతని రోగనిరోధక వ్యవస్థ విపరీతంగా ప్రతిస్పందించడమే. అందుకే వెన్నెముక కండర క్షీణత (ఎస్‌ఎంఏ) అనే జన్యువ్యాధి ఉన్న పసివాళ్లకిచ్చే జోల్‌జెన్‌స్మా అనే పెరగని రకం చికిత్స విషయంలో ముందుగా ఆ వైరస్‌పై ప్రతిరక్షకాల (యాంటీబాడీల) పరీక్ష చేస్తారు, ముందురోజే స్టెరాయిడ్ మొదలుపెడతారు, ఆ తరువాత కనీసం మూడు నెలలు కాలేయాన్ని పరీక్షిస్తూ ఉంటారు. బిడ్డ హుషారుగా ఉంది కదా అని స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపకూడదు. టీకాల తేదీలను కూడా వైద్యులను అడిగే నిర్ణయించాలి. వైరస్ అవశేషాలు మలంలో బయటికి వస్తాయి కనుక నెల రోజులపాటు డైపర్లను మూసిన సంచిలో పారవేసి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వాంతులు, కళ్లు పచ్చబడటం, కమిలిన మచ్చలు, మూత్రం తగ్గడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కొన్ని వైరస్‌లు తెచ్చిన జన్యువును మన క్రోమోజోములోనే అతికిస్తాయి. పారిస్‌లో అలా చికిత్స పొందిన పిల్లల్లో కొందరికి ఏళ్ల తరువాత ల్యుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చింది. అటువంటి చికిత్స తీసుకున్నవారు ఒంట్లో బాగున్నా ఏటేటా పరీక్షలు మానకూడదు. ఏ వైరస్, ఎంత మోతాదు, ఏ తేదీన ఇచ్చారో రాసిన కాగితాన్ని భద్రపరచి, ఆసుపత్రి మారినా కొత్త వైద్యునికి చూపించాలి.