ఏడాది లక్ష్యాలు ఫిబ్రవరికల్లా ఎందుకు ఆగిపోతాయి: సమస్య - పరిష్కారం

కొత్త సంవత్సరానికి లక్ష్యాలు ఎలా రాసుకోవాలో ఇక్కడ చెప్పడం లేదు. అంకె ఉండాలి, గడువు ఉండాలి, ఒకేసారి పది పెట్టుకోకూడదు, ఇవన్నీ అందరికీ తెలిసినవే. అంత జాగ్రత్తగా రాసుకున్నవి కూడా ఆగిపోయినప్పుడు ఎక్కడ వెతకాలన్నదే ఇక్కడి విషయం. విశాఖలో ఉద్యోగాలు చేసేవారు, పోటీ పరీక్షలకు చదివేవారు, ఇల్లు నడిపేవారు ఏటా ఫిబ్రవరిలో ఇదే గోడుతో నా దగ్గరికి వస్తుంటారు. "నాకు పట్టుదల లేదండీ" అంటారు. వారిలో చాలామందికి పట్టుదల కావలసినంత ఉంది. చూడాల్సినది చూడకుండా తమను తాము నిందించుకుంటున్నారు, అదే నాకు బాధ.

లక్షణం: జనవరి గడిచిపోతుంది, పని మొదలే కాదు

కారణం: పుస్తకంలో కోరిక రాశారు, చేయాల్సిన పని రాయలేదు. "ఈ ఏడాది ఆరోగ్యం చూసుకోవాలి" అన్న వాక్యంలో రోజు లేదు, వేళ లేదు, చోటు లేదు. ఫలానా వేళ, ఫలానా చోట, ఫలానా పని చేస్తానని ముందే తేల్చుకున్నవారు, ఉత్త కోరికతో ఆగినవారికంటే ఎక్కువగా పని పూర్తి చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లోనే వివరించారు.

పరిష్కారం: "మంగళ, గురు, శనివారాల్లో ఉదయం ఆరింటికి బీచ్ రోడ్డులో కాళీమాత ఆలయం నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాకా నడిచి, తిరిగి రావాలి" అని రాయండి. అయిదు నిమిషాల పని. దీన్ని దాటవేసి ఖరీదైన బూట్లు కొనేవారే ఎక్కువ.

లక్షణం: మూడు నాలుగు వారాలు చక్కగా సాగి, కారణం తెలియకుండానే ఆగిపోతుంది

అసలు చిక్కు ఇది. తేలిగ్గా దొరకదు, ఎందుకంటే జనవరిలో అంతా సవ్యంగానే జరిగింది. "అప్పుడు చేయగలిగాను, ఇప్పుడు చేయలేకపోతున్నాను, అంటే లోపం నాదే" అనుకుంటారు. మీరు తప్పుపట్టాల్సింది జనవరిని.

మన ఊళ్లో జనవరి ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. పొద్దున చల్లగా ఉంటుంది, సముద్రం ఒడ్డున నడవాలని ఎవరికైనా అనిపిస్తుంది. భోగి, సంక్రాంతి, కనుమ వరసగా వస్తాయి. పిల్లలకు సెలవులు కాబట్టి క్యారేజీలు కట్టే పని ఉండదు. ద్వారకా బస్ స్టేషన్ నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు బస్సులు కిక్కిరిసి వెళ్తాయి, ఆఫీసుల్లో సగం కుర్చీలు ఖాళీ. ఇంటికి అమ్మో అత్తగారో వచ్చి ఓ చెయ్యి వేస్తారు. అలాంటి నెలలో మీకు ఖాళీగా దొరికిన గంటకు వేరే హక్కుదారు ఉన్నారు, ఆ నెలకు సెలవు మీద వెళ్లారు, అంతే. సెలవు అయిపోగానే తిరిగి వస్తారు. ఇంటర్ ప్రాక్టికల్స్, వాటి వెనకే పదో తరగతి పరీక్షలు, మార్చి 31 లెక్కలు, అన్నీ వచ్చి ఆ గంటలో కూర్చుంటాయి.

గాజువాకలో ఉండే ఒక ఉద్యోగిని సంగతి చెబుతాను. ఉదయం అయిదున్నర నుంచి ఆరున్నర దాకా యోగా ఆవిడ లక్ష్యం. జనవరిలో రోజూ చేశారు, ఫిబ్రవరిలో ఒక్క రోజూ చేయలేదు. ఇద్దరం కూర్చుని ఆ గంటలో ఇంట్లో జరిగేవన్నీ ఒక్కొక్కటిగా కాగితం మీద పెట్టాం. అయిదూ నలభైకి కుళాయి వస్తుంది. సంపు లేని ఇల్లు. డ్రమ్ము, రెండు బిందెలు, బకెట్లు నిండేదాకా పక్కనే నిలబడాలి, ఒకటి నిండగానే పైపు తీసి ఇంకోదాంట్లో వేయాలి. సంక్రాంతికి వచ్చిన వాళ్లమ్మగారు ఆ నెలంతా కుళాయి చూసుకున్నారు. ఆవిడ తిరిగి ఊరెళ్లిన మర్నాటి నుంచి యోగా చాప విప్పనే లేదు. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఆమెకు తట్టలేదు, రోజూ చేసే పని ఎవరి కంటికీ పనిలా ఆనదు కదా. నెల రోజులు తనను తాను బద్ధకస్తురాలినని తిట్టుకున్నారు. ఆ తర్వాత వారంలో మూడు రోజులు కుళాయి దగ్గర ఆమె భర్త నిలబడటానికి ఒప్పుకున్నారు. ఆ మూడు రోజుల యోగా డిసెంబరు దాకా సాగింది.

పని ఎంతసేపు పడుతుందో అంచనా వేసేటప్పుడు మనుషులు గత అనుభవాన్ని పక్కనబెట్టి, ఏ అడ్డూ రాకపోతే ఎలా జరుగుతుందో దాన్నే లెక్కలోకి తీసుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో చెప్పారు. జనవరి ఆ తప్పుడు లెక్కకు రుజువులా కనిపిస్తుంది, అందుకే ఇంతమంది మోసపోతున్నారు.

పరిష్కారం: లక్ష్యం రాసే ముందే నవంబరులో ఒక మామూలు వారం తీసుకోండి. పండగ, పెళ్లి, సెలవు ఏవీ లేని వారం. జ్ఞాపకం మీద ఆధారపడవద్దు, ఫోను తీయండి. ఎవరితో ఏ వేళకు మాట్లాడారో, కూరగాయలకు, ఆటోకు ఎన్నింటికి డబ్బు పంపారో అందులో ఉంటుంది. మీరు లక్ష్యానికి ఇవ్వదలచిన గంటలో ఏడు రోజులూ ఏం చేశారో, ఎవరి కోసం చేశారో రాయండి. చిన్నమ్మాయి జడలు, నాన్నగారి మందులు, పై అధికారి ఫోను, కుళాయి. ఆ గంట ఎవరిదో అక్కడ తేలిపోతుంది.

తేలాక ఆ మనిషిని అడగాలి. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. "రేపటి నుంచి నేను నడకకు వెళ్తున్నాను" అనడం ప్రకటన చేయడమే అవుతుంది. "మంగళ, గురువారాల్లో చిన్నదాన్ని బడి ఆటో ఎక్కించగలరా?" అని అడిగితే అవుననో కాదనో జవాబు వస్తుంది. కాదంటే వేళ మార్చండి. ఏ వేళా దొరకకపోతే ఏడు రోజులను రెండుకు తగ్గించండి, తప్పేమీ లేదు. ఇదంతా జనవరి 1కి ముందే జరగాలి. వీలైతే డిసెంబరు మొదట్లో ఒక రెండు వారాలు చేసి చూడండి. మామూలు రోజుల్లో నిలబడినదే ఏడాదంతా నిలబడుతుంది.

మూడు షిఫ్టుల్లో మారుతూ పనిచేసేవారు, మన ఊళ్లో వీరి సంఖ్య తక్కువేమీ కాదు, "రోజూ ఉదయం అయిదింటికి" అని ఎప్పుడూ రాయవద్దు. ఉదయం ఆరింటి షిఫ్టు ఉన్న వారం ఆ వేళకు మీరు ఉక్కు కర్మాగారానికి వెళ్లే కూర్మన్నపాలెం దారిలో ఉంటారు, రాత్రి షిఫ్టు వారం ఇంకా డ్యూటీలోనే ఉంటారు. గడియారాన్ని వదిలి, "నిద్ర లేచిన గంటకు" అని రాసుకోండి. రాత్రి షిఫ్టు వారానికి లక్ష్యం సగం చేయండి.

ఆరుబయట చేసే పనులకు మరో హక్కుదారు వాతావరణం. ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోతకు పొద్దున్నే చొక్కా తడిసిపోతుంది. అక్టోబరు, నవంబరులో తుఫాన్లు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ లాంటిది ఏటా రాకపోయినా, వానకు పోయే వారాలు ఏటా ఉంటాయి. ఆ నెలల్లో ఇంట్లోనే ఏం చేస్తారో ఇప్పుడే రాసి పెట్టండి.

లక్షణం: ఒక్క రోజు తప్పింది, ఆ తర్వాత అంతా వదిలేశారు

21 రోజుల్లో అలవాటు అయిపోతుందన్న మాట నమ్మినందువల్ల వచ్చే ఇబ్బంది ఇది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2009లో ప్రచురించిన ఫలితం ప్రకారం సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులైతే మరికొందరికి 254 దాకా అంచనా. ఒక్కసారి తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినలేదని కూడా తేలింది. కాబట్టి తప్పిన రోజును పూడ్చడానికి మర్నాడు రెట్టింపు చేయకండి. తర్వాతి వంతు రోజున మామూలుగా వెళ్లండి.

లక్షణం: రోజూ చేస్తున్నారు, అయినా లక్ష్యం దగ్గరపడటం లేదు

మీ చేతిలో లేనిదాన్ని లక్ష్యంగా రాసుకున్నారేమో చూడండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పొద్దున్నుంచి చదివే పిల్లల్లో "ఈ ఏడాది గ్రూప్ 2 ఉద్యోగం" అని రాసుకునేవారుంటారు. నోటిఫికేషన్ వారి చేతిలో లేదు, పోస్టుల సంఖ్య వారి చేతిలో లేదు. రాయాల్సింది "వారానికి రెండు పాత ప్రశ్నపత్రాలు, తప్పులు సరిచూసుకోవడంతో సహా" అని. బరువు తగ్గడానికీ ఇదే వర్తిస్తుంది.

అరుదైన కారణాలు

మంచి యాప్ లేకపోవడం, డైరీ కుదరకపోవడం, లక్ష్యం నలుగురికీ చెప్పడం లేదా చెప్పకపోవడం, వీటివల్ల ఆగిపోవడం నేను చూసింది చాలా తక్కువ. వీటి మీద సమయం పెట్టకండి. జనవరి 1 కలిసిరాలేదనిపిస్తే ఉగాదికి మొదలుపెట్టండి, కానీ అప్పుడు కూడా మామూలు వారాన్నే చూసుకోండి. గంట మీదే అయి, పని చిన్నదే అయి, అయినా వారాల తరబడి ఒళ్లు లేవడం లేదంటే, నిద్ర సరిగా పట్టడం లేదంటే, ఏ పని మీదా మనసు పోవడం లేదంటే లక్ష్యాల పుస్తకం మూసి వైద్యుడిని కలవండి. రక్తహీనత, థైరాయిడ్, మానసిక కుంగుబాటు ఏదైనా కావచ్చు, దానికి చికిత్స మొదలయ్యాకే మిగతావి.