ఇంజిన్ ఆయిల్ లీక్ వెతికే ముందు జాగ్రత్తలు

ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) తీసి చూడండి. మినిమమ్, మ్యాక్సిమమ్ గీతల మధ్య చాలా కార్లలో సుమారు 1 లీటరు తేడా ఉంటుంది. ఆయిల్ కింది గీతకన్నా దిగువన ఉంటే, నింపకుండా స్టార్ట్ చేయొద్దు.

బండి చదునైన నేలమీద ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి చక్రాలకు అడ్డు పెట్టాలి. ఉత్త జాకీమీద లేపిన బండి కిందికి దూరకండి, స్టాండ్లు తప్పనిసరి. ఎగ్జాస్ట్ చల్లారాకే చేయి పెట్టండి.

తడి కనిపించిన చోటే లీక్ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. ఇంజిన్ పైమూత కింద ఉండే వాల్వ్ కవర్ గాస్కెట్ వెనక మూల నుంచి కారిన ఆయిల్ గేర్‌బాక్స్ దగ్గర బొట్లుగా పడితే, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఉండే రియర్ మెయిన్ సీల్ పోయిందనిపిస్తుంది. ఆ సీల్ మార్చాలంటే మామూలుగా గేర్‌బాక్స్ దించాలి! అందుకే ముందు ఆల్టర్నేటర్‌కు (కరెంటు తయారుచేసే భాగానికి) ప్లాస్టిక్ కవరు చుట్టి, జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో ఇంజిన్ శుభ్రం చేయండి. కవరు తీసేసి, 15 నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపేసి, టార్చితో పైనుంచి వెతకండి. అన్నిటికన్నా ఎత్తున తడిసిన చోటునే ముందు అనుమానించాలి. ఇంజిన్ నడుస్తుండగా బెల్టు, ఫ్యాన్ దగ్గరికి చేతులు పోనివ్వకండి.

ఇంజిన్ లోపలి వాయువులను బయటికి లాగే పీసీవీ వాల్వ్ మూసుకుపోయిందేమో చూశారా? క్రాంక్‌కేస్‌లో (ఇంజిన్ కింది గదిలో) ఒత్తిడి పెరిగితే కొత్త సీలునూ తోసుకుని ఆయిల్ వస్తుంది.

పాత ఆయిల్ దించే డ్రెయిన్ ప్లగ్‌కు కొత్త వాషర్ వేయండి. బలమంతా పెట్టి బిగిస్తే అల్యూమినియం సంప్‌లో (ఆయిల్ నిలిచే తొట్టెలో) మరలు చెడతాయి. మాన్యువల్లో చెప్పిన టార్క్ (బిగింపు బలం) చాలు. ఫిల్టర్ మారిస్తే, పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడండి. దానిమీదే కొత్తది బిగిస్తే, స్టార్ట్ చేయగానే ఆయిల్ బయటికి చిమ్ముతుంది.